ఉడుము వస్తే ఏం చేయాలి: ఇంట్లో, కోళ్ల గూట్లో, నూతిలో, పొలం గట్టు మీద

ఉడుము మనిషి మీదికి రాదు. కోడిగుడ్డు కోసమో, ఎలుక వాసన పట్టుకునో, ఎండకి తాళలేక నీడ వెతుక్కుంటూనో వస్తుంది. దారి కనిపిస్తే వచ్చినట్టే పోతుంది. పట్టుకోబోతేనే గొడవంతా. "ఉడుము పోయినా చెయ్యి దక్కితే చాలు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. కింద చెప్పిన పద్ధతులన్నీ దానికి దారి ఇవ్వడానికే, పట్టుకోవడానికి కాదు.

ముందు అది ఉడుమేనా చూడండి

మన పొలాల్లో, చిట్టడవుల్లో, గుట్టల మీద కనిపించే ఉడుము శాస్త్రీయనామం వారనస్ బెంగాలెన్సిస్. ముక్కు నుంచి తోక కొస దాకా 175 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, అందులో సగానికి మించి తోకే ఉంటుంది. మామూలుగా మన కంట పడేవి మూడు నాలుగు అడుగులవి. ఒంటి రంగు బూడిద కలిసిన గోధుమ, దాని మీద సన్నటి నల్ల చుక్కలు. నాలుక పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది, నడుస్తున్నంతసేపూ బయటికి చాపి లోపలికి లాక్కుంటూనే ఉంటుంది. వాసన పట్టేది ఆ నాలుకతోనే. ముక్కు రంధ్రం గుండ్రంగా ఉండదు, కంటికీ ముక్కు కొసకీ దాదాపు మధ్యలో ఏటవాలుగా కోసిన గీతలా ఉంటుంది. దగ్గర నుంచి తీసిన ఫోటోలో జాతిని తేల్చడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

ఉడుము పిల్లల దగ్గరే జనం పొరపాటు పడతారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సుమారు జానెడు ఉంటుంది. ముదురు ఒంటి మీద పసుపు చుక్కలు, అడ్డ చారలు మెరుస్తుంటాయి. ఆ రంగులు చూసి ఇదేదో వేరే విషజంతువని చంపేస్తారు. అది ఉడుము పిల్లే. పెరిగే కొద్దీ ఆ రంగులు మాసిపోతాయి. తొండకి మెడ మీద ముళ్ల వరస, నలికిరికి నున్నటి మెరిసే పొలుసులు ఉంటాయి. ఈ రెంటికీ చీలిన పొడవాటి నాలుక ఉండదు.

ఇంట్లోకి దూరితే

ఉడుము పగటి జీవి. ఎండ ఎక్కాక తిరుగుతుంది, రాత్రి బొరియలోనో చెట్టు తొర్రలోనో పడుకుంటుంది. కాబట్టి ఇంట్లోకి వచ్చేది పగలే. మీకు వెలుతురు ఉంటుంది, తొందర అక్కర్లేదు.

1. పిల్లల్ని, కుక్కని, పిల్లిని ఆ గదిలోంచి బయటికి పంపండి. కుక్క మొరిగితే ఉడుము బీరువా కిందికో మంచం కిందికో దూరి బిగుసుకుంటుంది. అప్పుడు పది నిమిషాల పని పూట పని అవుతుంది.

2. లోపలి గదుల తలుపులన్నీ మూసేయండి. బయటికి పోయే తలుపు ఒక్కటే బార్లా తెరవండి. రెండు మూడు తెరిస్తే ఎటు పోవాలో దానికి తేలదు, మీకూ అది ఎటు పోయిందో తెలియదు.

3. గదిలో లైటు ఆర్పండి. వెలుతురు ఆ తలుపు వైపు నుంచే రావాలి. తలుపు దారిలో చెప్పులు, బకెట్లు, కుర్చీలు ఉంటే తీసేయండి.

4. మీరు దానికి వెనకగా, కనీసం మూడు మీటర్ల దూరంలో నిలబడండి. దానికీ తలుపుకీ మధ్య ఎవరూ ఉండకూడదు. చీపురుతో అదిలించడం, నీళ్లు చల్లడం, డబ్బాలు మోగించడం ఏదీ వద్దు.

5. కదలకపోతే గది వదిలేసి మీరూ బయటికి రండి. వచ్చే ముందు గడప మీద ముగ్గుపిండి పల్చగా, మూరెడు వెడల్పున చల్లండి. గంట తరవాత చూస్తే అది వెళ్లిందో లేదో పిండే చెబుతుంది: రెండు వైపులా అయిదేసి వేళ్ల గుర్తులు, వేళ్ల కొసన గోరు గుచ్చిన చుక్కలు, మధ్యలో పాము పాకినట్టు తోక ఈడ్చిన గీత. గుర్తులు బయటి వైపుకి ఉంటే తలుపు వేసుకోండి.

మూలన ఇరుక్కుని గొంతు ఉబ్బించి గట్టిగా బుసకొడుతుంటే మీరు మరీ దగ్గరికి వచ్చారని అర్థం. ఆ తరవాత తోకతో కొడుతుంది, కొరకడం చివరి మాట. బుస వినగానే రెండడుగులు వెనక్కి వేస్తే అక్కడితో ఆగిపోతుంది.

తోక పట్టుకుని లాగాలన్న ఆలోచన అసలు వద్దు. బల్లి తోకలా ఉడుము తోక ఊడి మళ్లీ మొలవదు, లాగితే వెన్ను దెబ్బతింటుంది. పైగా అది రాదు. గోళ్లు కొడవళ్లలా వంపు తిరిగి గరుకు చోట కొక్కేల్లా పట్టుకుంటాయి. సందులోకి దూరాక ఊపిరి బిగించి ఒళ్లు ఉబ్బించుకుంటుంది. అప్పుడు రెండు వైపుల గోడలూ దాన్ని పట్టి ఉంచినట్టే. ఉడుము నడుముకి తాడు కట్టి కోటగోడలు ఎక్కేవారని కథలు చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా ఉడుంపట్టు మాత్రం నిజం.

కోళ్ల గూడు

ఊళ్లలో ఉడుముల్ని చంపడానికి చెప్పే మొదటి కారణం కోడిగుడ్లు, కోడిపిల్లలు. నష్టం నిజమే, అందులో అబద్ధం లేదు. కానీ ఒక ఉడుముని చంపితే ఆ గుడ్ల వాసనకి ఇంకొకటి వస్తుంది, ముంగిస వస్తుంది, పాము వస్తుంది. గూడు ఒకసారి సరిగ్గా కట్టుకుంటే అన్నీ ఒకేసారి ఆగుతాయి.

జాలీ: షట్కోణం గళ్ల పల్చటి కోళ్ల జాలీ పనికిరాదు. గోళ్లు తగిలించి లాగితే అల్లిక విడిపోతుంది. అతుకు వేసిన వెల్డ్‌మెష్ తీసుకోండి. అంగుళం గడి పెద్ద ఉడుముని ఆపుతుంది, అరంగుళం గడి ఉడుము పిల్లని, ఎలుకని, పాముని కూడా ఆపుతుంది. ఖర్చు కొంత ఎక్కువైనా అరంగుళమే తీసుకోమని మా సలహా, ఎందుకంటే కోడిపిల్లల్ని ఎలుకలు కూడా ఎత్తుకుపోతాయి. చీలమేకులతో కాకుండా, చెక్క పట్టీ వేసి దాని మీంచి స్క్రూలు బిగించండి.

అడుగు: ఉడుము బాగా తవ్వుతుంది. గోడ మొదట్లో ముక్కు ఆనించి అక్కడే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. అందుకని గోడ వెంట అడుగు లోతు కందకం తీసి జాలీని నిలువుగా దింపి, అక్కడి నుంచి బయటి వైపుకి ఇంకో అడుగు మడత పెట్టి మట్టి కప్పండి. ఎక్కడ తవ్వినా జాలీయే తగులుతుంది. జాలీని లోపలి వైపుకి మడవడం చాలామంది చేసే తప్పు. అలా చేస్తే అది జాలీకి బయటే దిగి, కిందనుంచి లోపలికి వస్తుంది.

పైకప్పు: గరుకు ఇటుక గోడ, కంప, తాటి దుంగ, అన్నీ ఎక్కుతుంది. పైన తెరిచి ఉన్న గూడు గూడే కాదు. కప్పు మీద కూడా జాలీ వేయండి. అది కుదరకపోతే గోడ చుట్టూ రెండడుగుల ఎత్తున నున్నటి రేకు పట్టీ కొట్టండి, గోళ్లకి పట్టు దొరకదు. అయితే పక్కనున్న చెట్టుకొమ్మ గూటి మీదికి వాలి ఉంటే రేకు వృథా. ఆ కొమ్మ కొట్టేయండి.

తలుపు: కింది సందు అరంగుళం మించకూడదు. సందు ఉంటే పాత టైరు ముక్క మేకులతో కొట్టండి.

గుడ్లు: ఉడుము పొద్దెక్కి ఒళ్లు వేడెక్కాకే వేటకి బయల్దేరుతుంది. పొద్దున ఎనిమిది లోపు ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుకి ఒకసారి గుడ్లు తీసేస్తే వచ్చినా దానికి ఏమీ దొరకదు. పగిలిన గుడ్డు పెంకులు గూటి పక్కన పారేయొద్దు, ఆ వాసనే పిలుపు. కోడిపిల్లల్ని పగలు గంప కింద మూస్తే గంప మీద రాయి పెట్టండి. ఒట్టి గంపని ముట్టెతో లేపేస్తుంది.

ఇంకొకటి: ఎలుకల మందు. మందు తిన్న ఎలుక బయటికి వచ్చి చస్తుంది, చచ్చినదాన్ని ఉడుము తింటుంది. పీతల కోసం అన్నంలో గుళికలు కలిపి పెట్టినా ఇదే కథ. మందు పెట్టక తప్పదనుకుంటే రోజూ పొద్దున్నే తిరిగి, చచ్చిన ఎలుకల్ని ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. ఉడుము తినే వాటిలో పెంకు పురుగులు, వాటి లార్వాలు, నత్తలు, వరిమడి పీతలు, ఎలుకలు అన్నీ ఉన్నాయి. ఎండిన పేడకుప్పని ముట్టెతో తిరగేసి కింద ఉన్న పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకుంటుంది. రైతుకి ఇంతకన్నా జీతం అడగని పాలేరు దొరకడు.

నూతిలో పడితే

వేసవిలో నీళ్ల కోసం వచ్చి నేలబావుల్లో పడతాయి. రాతి కట్టు బావి అయితే ఎక్కేస్తుంది, సిమెంటు వరల బావి అయితే ఎక్కలేదు. బాగా ఈదుతుంది, పావుగంట పైనే నీళ్ల అడుగున ఉండగలదు కూడా. కాబట్టి మునిగి కనబడకపోతే చచ్చిపోయిందని వెళ్లిపోకండి. ఆగి చూడండి. అయితే రోజంతా ఈదలేదు, అలిసిపోయి చస్తుంది.

ముందు దానికి ఆనుకునే చోటు కావాలి. రెండు అరటి బోదెలు నాలుగడుగుల చొప్పున కోసి, పక్కపక్కన పెట్టి తాడుతో కట్టి మెల్లగా దింపండి. నీళ్లలోకి విసరకండి. అరటి బోదె తేలుతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి గోళ్లు దిగుతాయి. అయిదు పది నిమిషాల్లో ఎక్కి పడుకుంటుంది. ఇక మీకు తీరిక దొరికినట్టే.

తరవాత ఎక్కే దారి. బెరడు ఉన్న తుమ్మ కొమ్మ గాని, కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలేసిన వెదురు గాని దింపండి. కింది కొస నీళ్లలో రెండడుగులు మునగాలి, పై కొస బావి అంచు దాటి బయటికి రావాలి. నిలువుగా కాదు, వీలైనంత ఏటవాలుగా ఆనించాలి. అంత పొడవు కొమ్మ దొరక్కపోతే గోనె సంచుల్ని విప్పి పొడుగ్గా కుట్టి, రెండంచులకీ మోకులు కట్టి చాపలా దింపండి. తడిసిన గోనెలో గోళ్లు చక్కగా దిగుతాయి. పై కొసని చెట్టుకో మోటారు స్టాండుకో కట్టేయండి. నున్నటి పీవీసీ పైపు, అల్యూమినియం నిచ్చెన రెండూ దండగ.

కట్టాక అందరూ అక్కడి నుంచి వెళ్లిపోవాలి. ఈ మాట ఊళ్లో ఎవరూ వినరు, కానీ పని తేలేదీ చెడేదీ ఇక్కడే. పైనుంచి పదిమంది తొంగి చూస్తుంటే అది నీళ్లలోనే ఉండిపోతుంది. సాయంత్రం పడితే, చల్లబడిన ఒంటితో ఎక్కలేక మర్నాడు ఎండ వచ్చాక ఎక్కవచ్చు. కొమ్మ రెండు రోజులు అలాగే ఉంచండి. మెడకి ఉచ్చు వేసి లాగితే గొంతు నలిగి చస్తుంది.

మనిషిని మాత్రం దింపకండి. వాడకంలో లేని బావుల అడుగున గాలి చెడి ఉంటుంది, ఉడుము కోసం దిగి మనుషులు పోవచ్చు. దింపక తప్పని పరిస్థితి వస్తే అది అగ్నిమాపక సిబ్బంది పని.

వలలో చిక్కితే

తోట చుట్టూ కట్టిన నైలాను వలలో తల, ముందు కాళ్లు దూరి చిక్కుకోవడం మామూలే. ముందుకి తోసుకుపోవడం తప్ప వెనక్కి జరగదు కాబట్టి పోగు ఇంకా బిగుస్తుంది. ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోగా దాని మీద ఎండ పడకుండా గొడుగో ఆకులో అడ్డం పెట్టండి, కర్ర కొసతో ముతక గుడ్డని తల మీదికి జార్చండి. కళ్లు మూసుకుంటే గింజుకోవడం తగ్గుతుంది. వలని ఒంటికి దూరంగా, జానెడు అవతల కత్తిరించి మిగతా బిగువు వదులు చేయొచ్చు. మాంసంలోకి దిగిన పోగుని మాత్రం మీరు లాగొద్దు, పశువైద్యుడి దగ్గరే తీయాలి.

కరిస్తే

నాగుపాములా కాటేసి చంపే జంతువు కాదు. కానీ పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, దవడ బిగిస్తే వదలదు. చెయ్యి గుంజితే కండ చీలుతుంది. కదలకుండా, దాని కాళ్లు నేలకి ఆనేలా చెయ్యి కిందికి దించి ఆగండి. కాళ్ల కింద నేల తగిలి, పారిపోయే దారి కనబడితే వదిలేస్తుంది. గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పది పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు. శుభ్రమైన గుడ్డ అదిమి పట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం ఇంజక్షను, గాయాన్ని బట్టి యాంటీబయాటిక్ ఇస్తారు. వాపు పెరిగినా, మూత్రం తగ్గినా దాచకుండా డాక్టరుకి చెప్పండి.

గట్టు, పుట్ట, బొరియ

ఇళ్లలోకి ఉడుములు రావడానికి పెద్ద కారణం బయట చోటు పోవడం. ఎకరం పొలంలో ఒక్క గట్టు వదిలినా తేడా ఉంటుంది. ఏది వదలాలో తెలియాలంటే అది ఎక్కడ ఉంటోందో ముందు చూడాలి.

ఉడుము బొరియ నోరు గుండ్రంగా కాదు, అడుగు చదునుగా పైన కమానులా ఉంటుంది. దాని ఒంటి ఆకారమే అది. నోటి దగ్గర మట్టి తోకతో ఊడ్చినట్టు నున్నగా ఉంటుంది. సాలెగూడు కట్టి ఉంటే వాడుకలో లేదని అర్థం. ఎలుక బొరియ దగ్గర తవ్విపోసిన మట్టి కుప్ప, కొరికిన వెన్నులు ఉంటాయి. ఏదుపంది అయితే ముళ్లు రాలి ఉంటాయి. దగ్గర్లో ఉడుము పెంట కనిపిస్తుంది: నల్లటి ముద్ద, ఒక కొసన సున్నంలాంటి తెలుపు. పుల్లతో విడదీస్తే పెంకు పురుగుల రెక్కల తునకలు, పీత డెక్కల ముక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. చేత్తో ముట్టుకోకండి.

చెదపుట్టల్ని జేసీబీతో చదును చేసే ముందు ఇది గుర్తుంచుకోండి. వానాకాలంలో జతకట్టిన ఆడ ఉడుము నేలలోనో గట్టు వాలులోనో పుట్టలోనో గుంట తవ్వి సుమారు 20 గుడ్లు పెడుతుంది, మట్టి పూడ్చి ముట్టెతో దిమ్మిస్తుంది, చుట్టుపక్కల ఒకటి రెండు ఉత్తుత్తి గుంటలు కూడా తవ్వి వదిలేస్తుంది. గుడ్లు పొదగడానికి 168 నుంచి 254 రోజులు పడుతుంది. అంటే ఖరీఫ్ అయిపోయి, రబీ కూడా కోసేసి దుక్కికి సిద్ధమయ్యేదాకా ఆ గుడ్లు మట్టిలోనే ఉంటాయి. వేసవి దుక్కుల్లో, గట్లు చెక్కేటప్పుడు పోయేవి ఇవే. నాగులచవితికి పసుపు కుంకాలు పెట్టి మొక్కే పుట్టని ఎవరూ ముట్టుకోరు. పొలంలో ఉన్న రెండో పుట్టకి కూడా ఆ మర్యాద చేస్తే చాలు.

పొరపాటున గుడ్లు బయటపడితే చెయ్యి పెట్టకండి. నాగుపాము గుడ్లు కూడా పుట్టలోనే ఉంటాయి, తెల్లగా తోలులా మెత్తటి పెంకుతో చూడ్డానికి అలాగే ఉంటాయి, తల్లి దగ్గరే ఉండొచ్చు. పని ఆపి, పారతో అక్కడి మట్టినే వదులుగా కప్పి, ఫారెస్టు వాళ్లకి చెప్పండి. గుడ్లని తిరగేయకూడదు. లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుని పెరుగుతుంది, తిరగబడితే చస్తుంది.

గట్టు మీద కొయ్యకాళ్ల మంట పెట్టేవాళ్లు కనీసం ఒక వైపు గట్టుని మంట తగలకుండా వదలండి. ఏరిన రాళ్లని ఒక మూల మోకాలెత్తు కుప్ప పోస్తే సందుల్లో ఉడుము ఉంటుంది. తొర్ర ఉన్న చింత, మర్రి కొట్టకండి. ఉడుము పిల్లలు నేల మీద కన్నా చెట్ల మీదే ఎక్కువ కాలం గడుపుతాయి.

చట్టం, నూనె, "వేరు"

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూలులో ఉడుము ఉంది, పెద్దపులితో పాటు అదే షెడ్యూలులో. చంపడం, పట్టడం, మాంసం గాని తోలు గాని దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరమే. 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తరవాత 25,000 రూపాయలకి తగ్గని జరిమానా. సంతల్లో కీళ్లనొప్పులకని అమ్మే ఉడుము నూనె కొన్నా మీ చేతిలో సాక్ష్యం ఉన్నట్టే. పూజా సామగ్రిలో "హత్తా జోడి" పేరుతో, చేతులు జోడించినట్టున్న అరుదైన వేరని అమ్మేది వేరు కాదు. మగ ఉడుము జననాంగాల్ని కోసి ఎండబెట్టింది. దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసిన ఒక్కరైనా ఇంట్లో చెప్పాలి. కంజీర (కచేరీల్లో చేత్తో వాయించే చిన్న తోలు వాద్యం) వాయించేవాళ్లు కొనేటప్పుడు మేకతోలు మూతదే అడగండి. పాత రోజుల్లో ఉడుము తోలే వాడేవారు, ఇప్పుడు కొత్తది అమ్మితే అది నేరం.

మీ ప్రాంతపు ఫారెస్టు రేంజ్ ఆఫీసు నంబరు, బీట్ ఆఫీసరు నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సినవి: ఊరు, గుర్తుపట్టే చోటు, ఎంత పొడవు, గాయం ఉందా, ఎప్పటినుంచి అక్కడ ఉంది. తప్పించడానికి మీరే సంచిలో వేసి దూరపు అడవిలో వదలకండి. పట్టడం నేరం, పైగా కొత్త చోట దానికి బొరియ తెలియదు, నీళ్లు తెలియవు.

చూడ్డానికే వెళ్లేవాళ్లు వాన వెలిసిన మర్నాడు పొద్దున ఎనిమిది, పది మధ్య వెళ్లండి. గట్టు మీద, రాతి మీద పొట్ట ఆనించి చదునుగా పరుచుకుని ఎండ కాగుతుంటుంది. పదిహేను మీటర్ల దూరంలో కూర్చోండి, నిలబడొద్దు. తల పైకెత్తిందంటే కదలకండి, మళ్లీ దించాక ఫోటో తీయండి. ఫోటో నెట్‌లో పెట్టేటప్పుడు లొకేషను ఆపేయండి, బొరియ ఫోటో అసలు పెట్టకండి. వేటగాళ్లు కూడా ఫోన్లు చూస్తారు.